కలుపు సంచి మోసిన పిల్లలు

1950లో బ్రిటన్ పార్లమెంటు అలాట్‌మెంట్ల చట్టం ఒకటి చేసింది. కౌలు తోటల అద్దెలు, ఖాళీ చేయించే నోటీసుల గడువులు, పంట నష్టపరిహారాలు, ఇవే అందులో చాలావరకు. 12వ సెక్షన్ మాత్రం వేరే దారి పడుతుంది. మీ కౌలు పత్రంలో ఏమి రాసి ఉన్నా సరే, మీ స్వాధీనంలో ఉన్న నేల మీద కోడిపెట్టలనూ కుందేళ్లనూ పెంచుకోవచ్చు, వాటికి కావలసిన గూళ్లు కట్టుకోవచ్చు అంటుంది. వ్యాపారం కోసం కాకూడదు. ఆరోగ్యానికి హాని, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకూడదు. అంతే షరతులు. మేక ఊసు లేదు, బాతు ఊసు లేదు. కోడిపెట్ట, కుందేలు, ఈ రెంటికే చట్టం పేరుపెట్టి చోటిచ్చింది.

ఎందుకీ రెంటికే అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. నాటింగ్‌హామ్‌లో సెయింట్ ఆన్స్ కొండవాలు మీద నాకొక ప్లాటు ఉంది. నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక తీసుకున్నాను. ముందు మెంతికూర, కొత్తిమీర, చుక్కకూర వేసుకున్నాను. మనవరాలు కుందేళ్ల జంటను తెచ్చుకున్నాక ఒక మడి వాటికి ఇచ్చేశాను. ఆ మడిలో ఏం వేయాలో తెలుసుకుందామని అడగడం మొదలుపెడితే, ఆ ప్రశ్న నన్ను ఈ దేశపు పేదవాళ్ల పెరళ్లలోకి తీసుకుపోయింది.

అలాట్‌మెంట్ అంటే మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ దగ్గర ఏడాదికింత అని కట్టి తీసుకునే కూరగాయల తోట. పాత కొలతలో పది పోల్స్, అంటే సుమారు 250 చదరపు మీటర్లు. మన లెక్కలో ఆరుంపావు సెంట్లు. ఉమ్మడి పచ్చికబయళ్లను భూస్వాములు కంచె కట్టి కలిపేసుకున్నాక, కూలివాడికి ఆవు మేపుకోవడానికి జానెడు నేల మిగలలేదు. అలా పోయినదానికి అరకొర బదులుగా వచ్చినవే ఈ తోటలు. 1908 చట్టంతో, అడిగినవాళ్లకు నేల చూపించడం స్థానిక సంస్థల బాధ్యత అయింది. మా సెయింట్ ఆన్స్ తోటలు అంతకంటే పాతవి. 75 ఎకరాల కొండ. ప్లాటుకూ ప్లాటుకూ మధ్య హాథార్న్ ముళ్లకంచెలు. చారిత్రక కట్టడాలకిచ్చే గుర్తింపు ఈ తోటలకూ ఉంది.

1822లో విలియం కాబెట్ కూలి కుటుంబాల కోసం 'కాటేజ్ ఎకానమీ' అన్న పుస్తకం రాశాడు. రొట్టె కాల్చడం, పందిని పెంచడం, తేనెటీగలు, వీటితోపాటు కుందేళ్లకూ కొన్ని పేరాలు ఇచ్చాడు. మూడు ఆడవి, ఒక మగది ఉంటే మూడు రోజులకొక కుందేలు తినడానికి దొరుకుతుందని లెక్క కట్టాడు. పచ్చగా ఉన్నదేదైనా తింటుందన్నాడు. అయితే తల్లి దగ్గర్నుంచి అప్పుడే విడదీసిన పిల్లలకు నీరెక్కువున్న ఆకు పెట్టొద్దనీ, క్యారెట్టు, పార్స్‌నిప్, డాండెలియన్ వేరు లాంటివి మంచివనీ హెచ్చరించాడు. ఇంత లెక్కరాసిన మనిషి, కుందేలు వల్ల ముఖ్య ప్రయోజనం మాత్రం పిల్లలకు జంతువుల పట్ల దయ, శ్రద్ధ అలవాటు కావడమే కావచ్చునన్నాడు. కూరకూ పెంపకానికీ మధ్య గీత ఎక్కడుందో ఆ పేరాల్లో నాకు కనిపించలేదు. రెండూ ఒకే గూట్లో ఉన్నాయి.

అడవి కుందేలును పట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అది నేరం. నార్మన్ల కాలం నుంచీ కుందేలు భూస్వామి ఆస్తి. వాటికోసం కట్టుదిట్టమైన బొరియల మైదానాలు ఉండేవి. 1828 నాటి రాత్రి వేటల చట్టం ప్రకారం, చీకట్లో కుందేళ్ల కోసం వల పన్ని మూడోసారి దొరికినవాణ్ణి ఏడేళ్లు సముద్రం దాటించి పంపేయవచ్చు. తన పొలంలో పైరు మేసే కుందేలును చంపే హక్కు కౌలు రైతుకు 1880లో గాని రాలేదు. కంచె అవతల అదే జంతువు దొరగారిది. పెరట్లో చెక్కగూట్లో ఉన్నది మాత్రం తనది. దానికి పెట్టే మేత బాట పక్కన ఊరికే మొలుస్తుంది. ఆ కలుపు మీద ఎవడూ హక్కు చెప్పడు.

మాది తెనాలి దగ్గర పల్లె. వరికోతకు ముందే, చేలో తడి ఆరకముందే పిల్లిపెసర, జనుము చల్లేవాళ్లు. కోతలయ్యాక మిగిలిన ఆ తేమతోనే అవి లేచేవి. ధాన్యం మనిషికి, నేలలో మిగిలిన తడి గేదెకు. ఇంగ్లండు కూలివాడి ఇంట్లో కుందేలుకు దక్కినదీ ఆ మిగులే. క్యాబేజీలో గుండెకాయ లాంటి లోపలి భాగం మనుషులకు, పైన ముదురాకు కుందేలుకు. క్యారెట్టు దుంప మనుషులకు, దాని ఆకు కుందేలుకు. తిరిగి దాని పెంటికలు మడికి. మిగతా ఎరువుల్లా మాగబెట్టక్కర్లేదు, అలాగే మొక్క మొదట్లో వేసుకోవచ్చు. చట్టంలో కోడిపెట్ట పక్కన కుందేలు నిలబడటానికి మూలం ఇక్కడుంది. మనిషి తిండితో పోటీ పడకుండా మనిషికి తిండి పెట్టగల జంతువులు అవి.

బియాట్రిక్స్ పాటర్ పిల్లల పుస్తకం 'పీటర్ రాబిట్' 1902లో అచ్చయింది. ఇందులో పీటర్ తండ్రి, తోట యజమాని మెక్‌గ్రెగర్ గారి భార్య చేతిలో 'పై' అనే మాంసం వంటకమైపోయాడని మొదట్లోనే తల్లి చెప్పేస్తుంది. అయినా పీటర్ ఆ తోటలోకే దూరి లెట్యూస్, బీన్స్, ముల్లంగి తిని, కడుపు బరువెక్కి పార్స్లీ వెతుక్కుంటాడు. తోటలో ఆకు, వంటింట్లో 'పై', నీలం కోటు తొడుక్కున్న ముద్దుల కుందేలు, మూడూ ఒక్క చిన్న పుస్తకంలో. పాటర్ తానూ కుందేళ్లను పెంచింది. మొదటిదాని పేరు బెంజమిన్ బౌన్సర్. దానికి తోలుపట్టీ కట్టి షికారు తిప్పేది. వెన్న రాసిన వేడి టోస్టు అంటే దానికి ప్రాణం. ఉన్నవాళ్ల ఇళ్లలో కుందేలు అప్పటికే ఒళ్లో కూర్చుంది. లేనివాళ్ల పెరట్లో ఇంకా చాలాకాలం గూట్లోనే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు తిండి ఓడల్ని ముంచుతుంటే అలాట్‌మెంట్లు 15 లక్షల దాకా పెరిగాయి. ఆ రోజుల్లోనే రూబార్బ్ ఆకును కూరగా తినొచ్చని సలహాలు వచ్చాయి. తిన్నవాళ్లలో కొందరు ఆక్సాలిక్ ఆమ్లం విషమెక్కి చనిపోయారు. దాని కాడ తింటారు, ఆకు విషం. కుందేలుకూ అంతే. ఏ ఆకు తినాలో చెప్పడం మనుషుల విషయంలోనైనా చిన్న పని కాదని ఆ మరణాలు చెబుతాయి.

అసలు కథ రెండో యుద్ధంలో ఉంది. 1940 జనవరిలో బేకన్ (ఉప్పు పట్టించిన పందిమాంసం), వెన్న, చక్కెరకు రేషన్ పెట్టారు. మార్చిలో మాంసానికి. కుందేలు మాంసానికి రేషన్ కార్డు అవసరం లేదు. పెరడున్న ప్రతివాడూ గూడు కట్టాడు. నారింజపండ్లు వచ్చే పెట్టెలు విరిచి, తీగ వల బిగించి. ఊరూరా కుందేళ్ల క్లబ్బులు. క్లబ్బులో చేరితే ఈనే కుందేళ్ల లెక్కన కొంచెం తవుడు కోటా దొరికేది. ఈ తవుడులో ఉడికించిన బంగాళాదుంప తొక్కలు కలిపి ముద్ద చేసేవాళ్లు. అది రోజుకొక పూట. మిగతాదంతా పచ్చిమేత. ఆ మేత ఎవరు తెచ్చారు? నాన్న ఫ్యాక్టరీలోనో యుద్ధంలోనో ఉన్నాడు. అమ్మ క్యూలో ఉంది. పిల్లలు తెచ్చారు.

మా పక్క ప్లాటు పెద్దాయన అలాంటి పిల్లాడే. తొంభైకి దగ్గరపడ్డాడు. ఈ కొండ కింది వీధుల్లోనే పుట్టాడు. బడికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అక్కా తనూ గోనెసంచి పట్టుకుని రైలుకట్ట వెంబడీ తోటల కంచెల కిందా తిరిగేవాళ్లట. డాండెలియన్, సో థిజిల్, క్లోవర్, ప్లాంటెయిన్ (అరటి కాదు, అదే పేరున్న కలుపు), హాగ్‌వీడ్. ఈ పేర్లు ఆయన చెబుతుంటే మా అమ్మమ్మ పొన్నగంటికూర, గలిజేరు, చెంచలికూర అని గట్టు మీద వేలుపెట్టి చూపించడం గుర్తుకొచ్చింది. తెచ్చిన ఆకును అలాగే పెట్టడానికి లేదు. మంచుతో తడిసిన ఆకు తింటే పొట్ట ఉబ్బుతుందని ఇంట్లో నమ్మకం. వంటింటి వెనక గచ్చు మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి దాని మీద ఆరబెట్టేవాళ్లు. సంచిలో కుక్కి ఉంచి వేడెక్కిన ఆకును అసలే పెట్టకూడదు. అది పులుస్తుంది. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు. లోపలికి పోయింది ముందుకే పోవాలి. ఈ సంగతి పశువైద్యుడు చెప్పగా ఆయనకు తెలియలేదు, ఒక ఉదయం గూట్లో చచ్చిపడి ఉన్న కుందేలును చూసి తెలుసుకున్నాడు.

హాగ్‌వీడ్‌నూ విషపు హెమ్లాక్‌నూ ఎలా విడదీసేవారని అడిగాను. రెంటికీ గొడుగులా తెల్లపూలు. కొత్తిమీర, క్యారెట్టు, పార్స్లీ, హెమ్లాక్ ఒకే కుటుంబం. హాగ్‌వీడ్ కాడకు గరుకు నూగు ఉంటుంది. హెమ్లాక్ కాడ నున్నగా ఉంటుంది, దాని మీద ఊదారంగు మచ్చలు. చూడక్కర్లేదు, చీకట్లోనైనా చేత్తో తడిమితే తెలుస్తుందన్నాడు. ఆరేడేళ్ల పిల్లాడికి ఆ విద్య నేర్పింది తొమ్మిదేళ్ల అక్క. ఫాక్స్‌గ్లోవ్ ముట్టొద్దు, రాగ్‌వర్ట్ ముట్టొద్దు, బంగాళాదుంప ఆకు, టమాటా ఆకు వద్దు. ఆ ఇంట్లో తప్పు ఆకు ఒక్కటి సంచిలో పడితే ఆదివారం భోజనం పోయినట్టే.

కుందేళ్లకు పేర్లు పెట్టొద్దని వాళ్ల నాన్న నియమం. పెట్టారు, రహస్యంగా. ఆదివారం పొద్దున గూడు ఖాళీగా ఉంటే ఏమైందో తెలుసు. ఏడ్చాం, తిన్నాం, సోమవారం మళ్లీ సంచి తీసుకుని వెళ్లాం అన్నాడు. ఈ మూడింటిలో దేన్నీ దాచలేదు. ఆ పిల్లల్ని కఠినులనీ అనలేను, ఏమీ తెలియని అమాయకులనీ అనలేను. రోజూ చేతులతో మేత తెచ్చి పెట్టినవాడికి ఆ ప్రాణం విలువ తెలిసినట్టు, ప్యాకెట్టు కత్తిరించి గిన్నెలో పోసేవాడికి తెలుస్తుందని నాకు నమ్మకం లేదు.

యుద్ధకాలపు తోటల గురించి పుస్తకాలున్నాయి, మ్యూజియంలున్నాయి. అలాట్‌మెంట్లు 14 లక్షలకు చేరాయని లెక్క ఉంది. లండన్ టవర్ కందకంలో కూరగాయలు పండించిన ఫోటోలున్నాయి. 'డిగ్ ఫర్ విక్టరీ' పోస్టరు మీద పార మీద ఆనించిన బూటుకాలు అందరికీ తెలుసు. కలుపు సంచి మోసిన పిల్లల లెక్క మాత్రం ఎక్కడా లేదు. వాళ్లు తెచ్చింది మార్కెట్లో తూగలేదు. అందుకని ఏ పట్టికలోనూ పడలేదు. ఒక దేశం మాంసం లేక ఇబ్బందిపడిన ఏళ్లలో, రోడ్ల పక్క గడ్డీగాదాన్ని ఇంటి తిండిగా మార్చిన పనిలో పెద్దభాగం పిల్లలది. ఈ మాట చెప్పడానికే నేనీ వ్యాసం రాస్తున్నాను.

యుద్ధం ముగిసినా రేషన్ ముగియలేదు. యుద్ధంలో అత్యవసర నిబంధన కింద దొరికిన వెసులుబాటును 1950 చట్టం శాశ్వతం చేసింది. మాంసం రేషన్ 1954 జులైలో గాని పోలేదు. ఆలోగా 1953లో కెంట్ ప్రాంతంలో మిక్సొమటోసిస్ అనే కుందేళ్ల వైరస్ జబ్బు కనిపించింది. కుందేలు ఒంటి మీద బతికే ఫ్లీ అనే చిన్న పురుగు ఆ వైరస్‌ను మోసింది. రెండేళ్లలో దేశంలోని అడవి కుందేళ్లలో నూటికి తొంభై అయిదుకు పైగా చచ్చాయి. కళ్లు వాచి, చూపుపోయి, రోడ్ల మీదకు వచ్చి కూర్చునేవని పెద్దాయన అన్నాడు. చూసినవాళ్లకు కుందేలు కూర సహించలేదు. అవి తిరిగిన గట్ల మీద ఆకు కోయడానికీ చేయి రాలేదు. అటు మాంసం చవకైంది. గోనెసంచి మూలపడింది.

గూడు మాత్రం పోలేదు. అందులోకి పిల్లల పెంపుడు కుందేలు వచ్చింది. దాని మేత దుకాణంలో కొనేదైంది. రంగురంగుల గింజలు, అటుకుల్లాంటి తునకలు కలిపిన ప్యాకెట్లు. కుందేలు తీపిగా ఉన్నవి ఏరుకుని పీచున్నవి వదిలేస్తుంది. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, పీచు నమిలితేనే అరుగుతాయి. అరగని పళ్లు చెంపల్లోకి గుచ్చుకుంటాయి. కదలని పేగు ప్రాణం తీస్తుంది. తోటలోనూ బాట పక్కనా తిండి ఉన్న జంతువు గిన్నె ముందు జబ్బుపడింది. ఇప్పుడు పశువైద్యులు చెబుతున్నది దాదాపు ఆ గోనెసంచి పాఠమే: ఎప్పుడూ అందుబాటులో ఎండుగడ్డి, రోజూ కాసిని రకరకాల పచ్చి ఆకులు, గింజల దాణా చాలా తక్కువ.

నా మడిలో ఏముందో చెప్పాలి. కొత్తిమీర ఇద్దరికీ, మాకూ వాటికీ. పార్స్లీ వాటికే. కేల్ చలికాలానికి, మంచు పడ్డా ఆకు నిలుస్తుంది. చికోరీ వేశాను. మన ఫిల్టర్ కాఫీలో కలిసే చికోరీ దీని వేరే. ఆకు చేదు, కుందేళ్లకు ప్రీతి. ముల్లంగి దుంప నా సాంబారులోకి, ఆకు వాటికి. పాలకూరలోనూ చుక్కకూరలోనూ ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ కనుక చుక్కకూర మొత్తం మా పప్పులోకే. మార్చిలో డాండెలియన్ మొదటి ఆకులు తొడుగుతుంది, దాన్ని నేను పీకను. నడి చలికాలంలో ఏమీ లేనప్పుడు ముళ్ల బ్లాక్‌బెర్రీ ఆకు ఉంటుంది. కంచె హాథార్న్ కొమ్మలు కూడా కత్తిరించి ఇస్తాను. పుల్ల కొరికితే పళ్లకు మంచిది.

ఒక మూల కాంఫ్రీ ఉంది. దీని చరిత్ర నాకెంతో ఇష్టం. క్వేకరు అనే క్రైస్తవ శాఖకు చెందిన ఎసెక్స్‌వాసి హెన్రీ డబుల్డే తపాలా బిళ్లల జిగురు కోసం 1870ల్లో రష్యా నుంచి కాంఫ్రీ మొక్కలు తెప్పించాడు. జిగురు రాలేదు, మేత వచ్చింది. ఆ మొక్క మనుషుల ఆకలి తీరుస్తుందనే నమ్మకంతో మిగిలిన జీవితమంతా పనిచేశాడు. 1950ల్లో లారెన్స్ హిల్స్ బాకింగ్ అనే ఊళ్లో దాని రకాలను వేరుచేసి నంబర్లు వేశాడు. నాలుగో నంబరు పశువులకు, పద్నాలుగోది ఎరువుకు. కుందేళ్లు పెంచేవాళ్లు ఇష్టంగా నాటుకున్నారు. తర్వాత దానిలో కాలేయానికి హాని చేసే పదార్థాలున్నాయని తేలింది. అందుకని నాది నానబెట్టి మొక్కలకే పోస్తాను.

కూరగాయల నేలను పెంపుడు జంతువు కోసం వాడటం విలాసం కదా అని ఒకరు నన్ను అడిగారు. ఇదే కొండ మీద రోజాలు పెంచిన నాటింగ్‌హామ్ కార్మికులు 1860లో వాటికి పోటీ పెట్టి, రెనాల్డ్స్ హోల్ అనే మతగురువును న్యాయనిర్ణేతగా పిలిచారు. ఆ పూలు చూసి ఆయన నివ్వెరపోయి తన రోజాల పుస్తకం మొదట్లోనే ఆ రోజును వర్ణించాడు. చలికి మొక్కలు పోకుండా తమ మంచం మీది దుప్పట్లు తెచ్చి కప్పిన మనుషులు వాళ్లు. కేవలం ప్రేమతో ఏదైనా పెంచడం ఈ నేలకు కొత్త సంగతి కాదు.

చట్టం ఇచ్చిన హక్కు ఇంకా ఉంది. మా తోటల్లో కుందేలు గూడు మాత్రం నాకు కనిపించలేదు. నక్కలున్నాయి, దొంగలున్నారు. మనుషులు లేని రాత్రుల్లో తోటలో ఉంచడం కుందేలుకు మంచిదీ కాదు. కుందేలు ఇంట్లో ఉంటుంది, ఆకు బస్సెక్కి వెళ్తుంది. సంచి మా మనవరాలు పట్టుకుంటుంది. దానికిప్పుడు డాండెలియన్, సో థిజిల్, ప్లాంటెయిన్ తెలుసు. దాని తరగతిలో కుందేళ్లున్న పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్లలో ఎవరికీ ఇవి తెలియవు. పెద్దాయన తరం వెళ్లిపోతే కాడ తడిమి హెమ్లాక్‌ను పసిగట్టే చేతులు ఈ వీధుల్లో మిగలవు. పుస్తకంలో బొమ్మ ఉంటుంది, నిజమే. ఆ నున్నదనం బొమ్మలో ఉండదు.

అందుకని ఈసారి తోటల వార్షిక సమావేశంలో రెండు సంగతులు అడిగాను. కింది బాట పక్క కంచె మొదట్లో ఒక గజం వెడల్పు కలుపుమందు కొట్టకుండా వదిలేయమన్నాను. పిల్లల కోసం మే నెలలో ఒక శనివారం ఆ బాట వెంట నడక పెట్టమన్నాను. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోదానికి, విషపు మొక్కలున్న చోటికి పిల్లల్ని తీసుకెళ్లడమేమిటని ఒకరు అభ్యంతరం చెప్పారు. పెద్దాయన లేచి, ఆ మొక్కలున్నాయనే తీసుకెళ్లాలి అన్నాడు. చేతులెత్తమన్నారు, నెగ్గింది. ముందు హెమ్లాక్ దగ్గరే ఆగాలని ఆయన పట్టు. అది తేల్చుకున్నాకే సంచులు తెరవాలట.